కాలికి తగిలిన తీగ

పోటీ పరీక్ష ప్రిలిమినరీ కీ వచ్చిన సాయంత్రం హైదరాబాద్ చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం దగ్గర చాయ్ బండి పక్కన కాసేపు నిలబడితే ఒక మాట పదేపదే చెవిన పడుతుంది. "ఆ బిట్టు నాకు రాదు. గెస్ చేసిన, తగిలింది." ఆ మాట అనే పిల్లవాడి ముఖంలో సంతోషం ఉంటుంది, దాని వెనకాలే కొంచెం మొహమాటమూ ఉంటుంది. పక్కనున్న స్నేహితుడు అదే అంశాన్ని నెల రోజులు చదివాడు, రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని చూశాడు, పరీక్ష హాల్లో అయిదు నిమిషాలు ఆలోచించి తప్పు గడి నింపి వచ్చాడు. కీ లెక్కలో మొదటివాడి దగ్గర నిజం ఉంది, రెండోవాడి దగ్గర లేదు. ఇది న్యాయమేనా అని ఇద్దరూ నన్ను అడిగారు ఒకసారి. నేను ఆ గ్రంథాలయానికి పత్రికల కోసం వెళ్లే మనిషిని, పరీక్షలతో పని లేనివాణ్ని. అప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. నిజాన్ని వెతుక్కుంటూ పోవాలా, అదే దారిలో ఎదురవుతుందా అన్న ప్రశ్న మీద లోకంలో ఎవరెవరు ఏమన్నారో అప్పటినుంచి పోగు చేసుకుంటూ వచ్చాను.

తెలుగులో దీనికి ఒక సామెత ఉంది. వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టు, అంటాం. అదృష్టం గురించి చెప్పిన మాటగానే దీన్ని వాడుతుంటాం. కానీ ఒక్కసారి ఆగి చూస్తే అందులో రెండు సంగతులున్నాయి. తీగ తగలడం అనుకోకుండా జరిగింది, నిజమే. ఆ మనిషి ఇల్లు వదిలి అడవిలోకి నడిచింది మాత్రం దాని కోసమే. అరుగు మీద కూర్చున్నవాడి కాలికి ఏ తీగా తగలదు. ఏ తీగ కావాలో తెలియనివాడికి తగిలినా, కాలు విదిలించుకుని ముందుకు పోతాడు. నా జవాబు చాలావరకు ఈ సామెతలోనే ఉంది. ఎక్కడెక్కడ ఇది సరిపోతుందో, ఎక్కడ చాలదో చూడాలి.

మన పాత శాస్త్రకారులు ఈ ప్రశ్నకు రెండు చక్కని పేర్లు పెట్టుకున్నారు. చెక్కను తొలిచే పురుగు తన దారిన తాను తొలుచుకుంటూ పోతుంటే ఆ గీతల్లో ఒకచోట అక్షరం ఏర్పడుతుంది. దాన్ని ఘుణాక్షర న్యాయం అన్నారు. అక్షరం అక్షరమే, చదివితే చదవగలం. అయినా పురుగుకు చదువు వచ్చని ఎవరమూ అనుకోం. కాకి వచ్చి వాలిన క్షణంలోనే తాటిపండు రాలితే కాకతాళీయం. ఈ రెండో మాట మన వాడుకలో బాగా నిలబడింది, పత్రికల్లో రోజూ కనిపిస్తుంది. 12వ శతాబ్దంలో శ్రీహర్షుడు ఖండనఖండఖాద్యంలో ఇదే సంగతిని ఒక చిన్న ఆటతో చెప్పాడు. ఒకడు గుప్పిట్లో గవ్వలు పట్టుకుని ఎన్ని అని అడుగుతాడు. ఎదుటివాడు నోటికొచ్చినట్టు అయిదు అంటాడు. గుప్పిట తెరిస్తే అయిదే ఉంటాయి. అతను చెప్పింది నిజం. అతనికి తెలుసా? తెలియదు. నిజం చెప్పడం, తెలిసి ఉండడం ఒకటే అనుకుని జ్ఞానానికి నిర్వచనం రాసినవాళ్లందర్నీ ఈ గుప్పెడు గవ్వలతో ఇబ్బంది పెట్టాడాయన. మనకు ఈ శ్రీహర్షుడు పరాయివాడు కాదు. శ్రీనాథుడు శృంగార నైషధంగా తెలుగు చేసింది ఆయన కావ్యాన్నే. దాదాపు ఎనిమిది వందల ఏళ్ల తర్వాత, 1963లో, అమెరికాలో ఎడ్మండ్ గెటియర్ అనే యువ అధ్యాపకుడు మూడు పేజీల వ్యాసంలో దాదాపు ఇదే చిక్కును లేవనెత్తాడు. పడమటి దేశాల తత్వవేత్తలు ఇప్పటికీ దాని మీద వాదించుకుంటూనే ఉన్నారు.

గ్రంథాలయం పక్కనే కోచింగ్ సెంటర్లున్న అశోక్‌నగర్ పిల్లలకు ఈ చిక్కు పుస్తకాల్లో వెతకనక్కర్లేదు. సివిల్స్ ప్రిలిమ్స్‌లో నెగెటివ్ మార్కులు ఉన్నాయి, తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు కోత. ఈ మూడో వంతు ఎందుకో లెక్క వేసి చూడండి. నాలుగేసి ఆప్షన్లున్న 12 ప్రశ్నలకు కళ్లు మూసుకుని జవాబు పెడితే సగటున 3 తగులుతాయి, 9 పోతాయి. తొమ్మిదిలో మూడో వంతు మూడు. వచ్చిన మూడూ పోతాయి, మిగిలేది సున్న. అంటే గవ్వల ఆటకు ఆ పరీక్ష కట్టిన విలువ సరిగ్గా సున్న. అదే 12 ప్రశ్నల్లో రెండేసి ఆప్షన్లు తప్పని కచ్చితంగా తెలిసినవాడు మిగతా రెండింట్లో ఒకటి ఊహిస్తే 6 తగులుతాయి, 6 పోతాయి, కోత పోను 4 ప్రశ్నల మార్కులు మిగులుతాయి. ఎలిమినేషన్ మెథడ్ అని కోచింగ్ సెంటర్లలో చెప్పేది ఇదే. పూర్తిగా తెలియని చోట ఊహ పనికిరాదు. సగం తెలిసిన చోట అదే ఊహకు విలువ వస్తుంది. శ్రీహర్షుడు అడిగిన ప్రశ్నకు ఇంతకంటే పొందికైన జవాబు నాకు ఏ తత్వగ్రంథంలోనూ దొరకలేదు.

ఈ పిల్లలుండే హాస్టల్ గదుల్లో దోమలెక్కువ. ఏటా వానాకాలంలో జ్వరం తగిలిన పిల్లలు పక్కనే ఉన్న నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌కు వెళ్లి ఓపీ చీటీ కోసం క్యూలో నిలబడతారు. ఆ ఆసుపత్రి పూర్తి పేరులో సర్ రోనాల్డ్ రాస్ ఉన్నాడు. ఆయన కథ ఈ ప్రశ్నకు మన ఊళ్లోనే జరిగిన అతి పెద్ద సాక్ష్యం కనుక కొంచెం తీరిగ్గా చెప్పాలి.

మలేరియాకు దోమకు సంబంధం ఉందని రాస్ కనిపెట్టాడని బడిపిల్లలు చదువుతారు. ఆ ఊహ ఆయనది కాదు. లండన్‌లో ఆయన గురువు పాట్రిక్ మాన్సన్‌ది. మాన్సన్ ఊహలో సగం సరైనది, సగం పూర్తిగా తప్పు. దోమ జ్వరపు మనిషి రక్తం తాగి, తర్వాత నీళ్ల మీద చచ్చిపోతుంది, ఆ నీళ్లు తాగినవాళ్లకు జ్వరం వస్తుంది అని ఆయన లెక్క. 1895లో సికింద్రాబాదుకు సైనిక వైద్యుడిగా వచ్చిన రాస్ ఈ లెక్కనే రుజువు చేయడానికి కూర్చున్నాడు. దోమలు చచ్చిన నీళ్లను డబ్బులిచ్చి కొందరి చేత తాగించాడు. వాళ్లలో ఒకతనికి కొన్ని రోజులకు జ్వరం వచ్చింది. రాస్ సంబరపడ్డాడు. తర్వాతి ప్రయత్నాల్లో అది నిలబడలేదు. ఇక్కడ నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. డబ్బు కోసం ఆ నీళ్లు తాగిన పేదవాడు ఒకవైపు. ఇంకోవైపు, యాదృచ్ఛికంగా వచ్చిన ఆ జ్వరం ఒక అబద్ధానికి రుజువైపోయేది. అనుకోకుండా దొరికేది నిజమే కావాలన్న నియమం లేదు, అబద్ధమూ అంతే అనుకోకుండా దొరుకుతుంది.

రెండేళ్లు గడిచాయి. రాస్ వందల దోమల్ని కోసి సూక్ష్మదర్శిని కింద చూశాడు. బూడిదరంగు దోమలు, చారల దోమలు, అన్నీ చూశాడు. మలేరియాను మోసే జాతి వాటిలో లేదు. అంటే వెతికే పద్ధతి సరైనదే, వెతికే చోటు తప్పు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం మనకు తెలుసు. ఇది దానికి తిరగేసిన బాధ, పిల్ల లేని ఊళ్లో ఇల్లిల్లూ గాలించడం. 1897 ఆగస్టు నడుమ ఆయన మనుషులు తెచ్చిన లార్వాల సీసాలోంచి కొత్త రకం దోమలు పుట్టాయి, రెక్కల మీద మచ్చలున్నవి. ఆ రోజుల్లోనే ఆసుపత్రి సహాయకుడొకడు గోడ మీద వాలిన దోమను చూపించి, దీని తోక గోడకు ఆనకుండా ఎత్తుగా ఉంది చూడండి అన్నాడు. అనాఫిలిస్ దోమ కూర్చునే తీరు అదే. ఆ సహాయకుడి పేరు మర్చిపోయానని రాస్ తర్వాత తన జ్ఞాపకాల్లో విచారంగా రాసుకున్నాడు.

ఆగస్టు 16న హుసేన్ ఖాన్ అనే రోగిని దోమతెరలో పడుకోబెట్టి మచ్చల రెక్కల దోమల చేత కుట్టించారు, దోమకు ఒక అణా లెక్కన ఇచ్చారు. ఆగస్టు 20న, ఉక్కపోతలో, దోమలు ఎగిరిపోతాయని పంకా కూడా ఆపేసుకుని, చెమటకు మరలు తుప్పుపట్టిన సూక్ష్మదర్శినిలో చూస్తుంటే ఒక దోమ కడుపు గోడలో అంతకుముందు ఎన్నడూ చూడని గుండ్రని కణాలు కనిపించాయి, వాటిలో మలేరియా పరాన్నజీవికే ఉండే నల్లని రేణువులు. మర్నాడు మరో దోమలో అవే కణాలు ఇంకాస్త పెద్దవై కనిపించాయి. అప్పుడు నమ్మాడు. మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియా మీద పని చేసి మిగతా చక్రం పూర్తి చేశాడు, 1902లో నోబెల్ వచ్చింది.

ఇది వెతికి సాధించినదా, అదృష్టమా? ఆ సీసాలో ఆ జాతి లార్వాలు రావడం అదృష్టం. కానీ అవే దోమలు ఆ ఊళ్లో తరతరాలుగా కుడుతూనే ఉన్నాయి, ఎవరికీ ఏమీ తెలియలేదు. రెండేళ్లు తప్పు దోమల కడుపులు చూసినవాడు కాబట్టే, ఆ కణాలు మామూలువి కావని ఒక్క చూపులో పసిగట్టగలిగాడు. ఫలితమివ్వని ఆ రెండేళ్లే ఆయనకు కన్నిచ్చాయి. అశోక్‌నగర్‌లో మూడో ప్రయత్నమో నాలుగో ప్రయత్నమో పోయిన పిల్లలతో ఈ మాట ఎప్పుడూ అనలేదు. వాళ్ల కష్టానికి ఇలాంటి ఆగస్టు 20 వస్తుందని హామీ ఇచ్చే హక్కు నాకు లేదు.

రాస్ సికింద్రాబాదులో దిగిన 1895లోనే తెలుగునేల మీద ఇద్దరు పిల్లలు పుట్టారు. ఈ ప్రశ్నకు రెండు కొసల్లో నిలబడినవాళ్లు వాళ్లు. ఒకరు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, ఇంకొకరు మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి.

సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ దగ్గర చేసిన మొదటి పెద్ద పని, శరీర ద్రవాల్లో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతి. 1925లో అచ్చయింది. ఫాస్ఫరస్ ఎంతుంటే అంత ముదురుగా నీలిరంగు వస్తుంది, ఆ రంగును పోల్చి లెక్క కడతారు. ఈ పద్ధతిని కండరాల రసం మీద వాడినప్పుడు ఒక పేచీ వచ్చింది. నీలం రావలసినంత వేగంగా రాలేదు. వచ్చింది కూడా ఒకచోట ఆగకుండా మెల్లగా ముదురుతూ పోయింది. తొందరలో ఉన్న ఏ విద్యార్థి అయినా మందు పాడయిందనో, చేయి తప్పిందనో గాజుగొట్టం కడిగి మళ్లీ మొదలుపెడతాడు. వాళ్లు ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. కండరంలో ఫాస్ఫరస్‌ను పట్టి ఉంచే పదార్థమేదో ఉంది, అది ఆమ్లంలో కొద్దికొద్దిగా విరిగి ఫాస్ఫరస్‌ను వదులుతోంది, అందుకే రంగు నిదానిస్తోంది అని తేల్చారు. 1927లో ప్రకటించిన ఆ పదార్థమే ఫాస్ఫోక్రియేటిన్. కండరం బలం ఎక్కడినుంచి తెచ్చుకుంటుందన్న దానిపై అప్పటిదాకా ఉన్న అవగాహన దానితో మారింది. వాళ్లు వెతికింది కొలతను. దొరికింది ఇంకొకటి. అయినా దాన్ని పట్టిచ్చింది కొలత మీద వాళ్లకున్న పట్టుదలే. పద్ధతి అంత కచ్చితంగా లేకపోతే ఆ కాస్త ఆలస్యం లెక్కలోకే వచ్చేది కాదు.

ఇక్కడ ఇంకో విశేషం చెప్పాలి. అదే 1927లో ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా ఇదే పదార్థాన్ని వేరే దారిలో పట్టుకున్నారు. కాకి వాలిన క్షణంలోనే పండు రాలడం ఒక చెట్టు కింద జరిగితే కాకతాళీయం. ఒకే ఏడాది రెండు ఖండాల్లో జరిగితే పండు పక్వానికి వచ్చిందని అర్థం. యాదృచ్ఛికం అని మనం అనేదానిలో కాలం తెచ్చిన పరిపక్వత ఎంతో కలిసి ఉంటుంది.

కృష్ణమూర్తి చెప్పింది దీనికి పూర్తిగా ఎదురు. 1909లో అడయారు సముద్రతీరంలో దివ్యజ్ఞాన సమాజానికి చెందిన లెడ్‌బీటర్ కంటపడి, రానున్న జగద్గురువు ఇతడేనని ఆ సమాజం ప్రకటించుకున్న పిల్లవాడు. 1911లో ఆయన చుట్టూ ఒక సంస్థనే కట్టారు. 1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఓమెన్‌లో వేల మంది ముందు ఆ సంస్థను ఆయనే రద్దు చేశాడు. సత్యానికి దారి వేయలేమని, సంస్థలతో దాన్ని చేరలేమని ఆనాడు చెప్పినదాన్ని తర్వాత జీవితమంతా ఇంకా లోతుకు తీసుకెళ్లాడు. వెతికేవాడు ఏం వెతుకుతాడు? తనకు ముందే తెలిసినదాన్ని, లేదా తను కోరుకున్నదాన్ని. కాబట్టి అతనికి దొరికేది తన కోరిక నీడే. వెతకడం ఆగినప్పుడే, మనసు నిశ్శబ్దంగా గమనిస్తున్నప్పుడే, ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది. ఆయన మాటల సారం ఇది.

దీన్ని తేలిగ్గా తోసిపుచ్చలేం. దోమలు చచ్చిన నీళ్లు తాగించి జ్వరం వస్తే రాస్ సంబరపడింది ఇందుకే కదా, కోరుకున్న నీడ కనబడింది. గ్రీకుల్లో ప్లేటో రాసిన మీనో సంభాషణలో కూడా ఇదే మెలిక ఉంది. తెలిసినదాన్ని వెతకనక్కర్లేదు, తెలియనిదాన్ని వెతకలేం, దొరికినా అదేనని గుర్తుపట్టలేం, మరి వెతకడమెలా అని. ప్లేటో దీనికి ఆత్మ పూర్వజన్మలో అన్నీ చూసిందనే జవాబు తెచ్చాడు. నాకు అంతకంటే న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడి మాట నచ్చుతుంది. బొత్తిగా తెలియని వస్తువు మీదా విచారణ సాగదు, నిర్ణయమైపోయిన వస్తువు మీదా సాగదు, సందేహం పుట్టిన వస్తువు మీదే సాగుతుంది అన్నాడాయన. మీనో చిక్కుముడి ఈ ఒక్క సందేహంతో విడిపోతుంది. నీలిరంగు ఆలస్యం ఒక సందేహం. గోడ మీద తోక ఎత్తిన దోమ ఒక సందేహం. కృష్ణమూర్తి వద్దన్నది కోరికతో చేసే వెతుకులాటను. సందేహంతో చేసేదానికి ఆయన మాట అడ్డు రాదనే నా నమ్మకం. ఆయన సభల్లో ఆయన చేసిందంతా ప్రశ్న మీద ప్రశ్న వేయడమే.

చరిత్ర దగ్గరికి వస్తే సంగతి ఇంకా చిక్కబడుతుంది. అక్కడ సాక్ష్యమిచ్చేవాళ్లకు తాము సాక్ష్యమిస్తున్నట్టు కూడా తెలియదు. 18వ శతాబ్దం చివర జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు అమరావతిలో కొత్త పట్నం కట్టుకుంటుంటే, రాళ్ల కోసం ఒక దిబ్బను తవ్వారు. దిబ్బ కింద శాతవాహనుల కాలపు మహాస్తూపం ఉంది. ఆ సంగతి విని 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. మళ్లీ 1816లో బొమ్మలు గీసేవాళ్లను వెంటబెట్టుకుని వచ్చేసరికి ఎన్నో శిల్పఫలకాలు గోడల్లోకి, మెట్లలోకి వెళ్లిపోయాయి. తీగ కాలికి తగిలింది, కానీ ఆ కాలు దాని కోసం బయలుదేరినది కాదు. తవ్వినవాళ్లకు అది మంచి రాయి. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. వెతకని చోట దొరికిన నిజం ఎక్కువసార్లు ఇలా గోడలో రాయిగా కలిసిపోతుందన్నదే బాధ.

నారాయణగూడ, సుల్తాన్‌బజార్ ప్రాంతాల్లో తెలుగు చదువు కోసం కొట్లాడిన తరంలోని సురవరం ప్రతాపరెడ్డి దీనికి మరో కొసన ఉన్నారు. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరన్న మాట ఒకటి పత్రికకెక్కితే, ఆయన వాదనకు దిగకుండా వెతకడానికి పూనుకున్నారు. ఊరూరికీ రాసి కవితలు తెప్పించి 1934లో గోలకొండ కవుల సంచిక వేశారు, 354 మంది కవులతో. ఇది పూర్తిగా వెతికి సాధించిన నిజం. ఇందులో అదృష్టానికి పాలు లేదు.

నాకు ఇంకా గొప్పగా అనిపించేది ఆయన ఆంధ్రుల సాంఘిక చరిత్ర. 1955లో తెలుగుకు వచ్చిన మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దానికే. రాజుల యుద్ధాలు పక్కనపెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, పిల్లలు ఏ ఆటలాడారు అని ఆయన వెతికారు. వెతికిన చోటు కావ్యాలు. పాల్కురికి సోమనాథుడు శివభక్తుల కథ చెబుతూ పండుగల్నీ ఆటల్నీ వరసగా పేర్కొన్నాడు. వినుకొండ వల్లభరాయడి పేరున్న క్రీడాభిరామంలో ఇద్దరు స్నేహితులు రోజంతా ఓరుగల్లు వీధులు తిరుగుతారు. ఆ కవులెవరూ చరిత్ర రాయలేదు. వాళ్ల ధ్యాసంతా భక్తి మీద, శృంగారం మీద ఉంది. అయినా నడిచే దారిలో సంచి చిల్లులోంచి గింజలు రాలినట్టు కాలం రాలిపోయింది. రాల్చినవాళ్లకు తెలియదు, ఏరినవాడికి తెలుసు. నిజం వెతికితే దొరుకుతుందా, అనుకోకుండా దొరుకుతుందా అన్న ప్రశ్నలో మనం ఒకే మనిషిని ఊహించుకుంటాం. ఇక్కడ ఇద్దరున్నారు, వాళ్ల మధ్య వందల ఏళ్లున్నాయి. రాలడం అనుకోకుండా జరిగింది. ఏరడానికి ఒక జీవితం పట్టింది. మన సామెత చాలని చోటు ఇదే.

దొరికిన తర్వాత కథ ఉందన్నది మర్చిపోకూడదు. మానవల్లి రామకృష్ణకవి తాళపత్రాల్లో పట్టుకుని 1909లో అచ్చువేసిన నన్నెచోడుడి కుమారసంభవాన్ని చూడండి. ఆ కవి నన్నయకంటే ముందువాడని ఆయన ప్రకటించారు. పండితులు కాదన్నారు, 12వ శతాబ్దపువాడని ఎక్కువమంది తేల్చారు. అసలు ఆ కావ్యం మానవల్లివారే రాసి పెట్టారేమోనని అనుమానించినవాళ్లూ ఉన్నారు. దొరకడం ఒక్క రోజులో అయింది, పరీక్ష నూరేళ్లు దాటినా పూర్తిగా ముగియలేదు. తాళపత్రమైనా, దోమ కడుపులో కణమైనా, గెస్ చేసిన బిట్టు అయినా, తగిలిన రోజున అది ఇంకా నిజం కాదు. మర్నాడు రెండో దోమను కోసి చూసినప్పుడే రాస్ నమ్మాడని అందుకే ప్రత్యేకంగా చెప్పాను.

అశోక్‌నగర్ వీధుల్లో ఇంకా మానని గాయం ఒకటి కూడా ఈ ప్రశ్నకు చెందినదే. 2023 మార్చిలో తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్‌లో కంప్యూటర్ హ్యాక్ అయిందేమోనన్న అనుమానంతో పోలీసులకు ఫిర్యాదు వెళ్లింది. విచారణలో తేలింది బయటి హ్యాకర్లు కారు, లోపలి మనుషులే ప్రశ్నపత్రాలు బయటికి తెచ్చారని. మొదట బయటపడింది ఇంజినీర్ల పరీక్ష పేపరు. దాన్ని పట్టుకుని లాగితే ఇంకా కొన్ని బయటికొచ్చాయి, మార్చి 17న, అప్పటికి అయిదు నెలల కిందట జరిగిన గ్రూప్-1 ప్రిలిమ్స్ కూడా రద్దయింది. 2022 అక్టోబరు 16న ఆ పరీక్షను రెండు లక్షల ఎనభై వేల మందికి పైగా రాశారు. తీగ లాగితే డొంకంతా కదిలిందన్నది దీన్నే. వెతికింది ఒకటి, బయటపడింది మరొకటి. మళ్లీ 2023 జూన్ 11న పెడితే ఆ పరీక్షనూ బయోమెట్రిక్ విషయంలో హైకోర్టు ఆ సెప్టెంబరులో రద్దు చేసింది. అనుమానం ఇంకొన్నాళ్లు ఆలస్యమై ఉంటే ఏమయ్యేదన్నది ఇప్పటికీ చాయ్ బండ్ల దగ్గర మాట్లాడుకుంటారు. ఒక నిజం బయటపడడం అనుకోకుండా జరిగితే, బయటపడనివెన్నో ఉన్నాయన్న భయం మిగిలిపోతుంది. ప్రజల జీవితాలతో ముడిపడ్డ చోట నిజాన్ని కాలికి తగిలేదాకా వదిలేయకూడదని నేను గట్టిగా అనుకుంటాను. తనిఖీ, ఆడిట్, సమాచార హక్కు, కీ మీద అభ్యంతరం చెప్పుకునే గడువు, ఇవన్నీ రోజూ వెతకడానికి మనం పెట్టుకున్న ఏర్పాట్లు.

అభ్యంతరాల గడువు నాకు ప్రత్యేకంగా ఇష్టం. కమిషన్ ఇచ్చిన జవాబే నిజమని ఒప్పుకోకుండా, ఆధారం చూపించి కాదనే హక్కు ఇరవై రెండేళ్ల పిల్లకు ఉంది. ఆ నాలుగైదు రోజులు గ్రంథాలయంలో అల్మరాల దగ్గర అలికిడి పెరుగుతుంది. మిగతా రోజుల్లో ఎక్కువమంది సొంత పుస్తకాలు, జిరాక్స్ నోట్సులు తెచ్చుకుని కుర్చీ కోసమే వస్తారు, పొద్దున్నే వచ్చి రాత్రిదాకా కూర్చుంటారు. అభ్యంతరాలప్పుడు మాత్రం ప్రామాణిక గ్రంథం కావాలి. తెలుగు అకాడమీ పుస్తకంలో ఒక సంవత్సరం, ఇంకో పుస్తకంలో మరో సంవత్సరం ఉంటే అసలు ప్రతి చూడాలి. అప్పుడు వాళ్లు అల్మరాల మధ్యకు నడుస్తారు.

గ్రంథాలయ శాస్త్రానికి 1931లో అయిదు సూత్రాలు రాసిన రంగనాథన్ తలుపుల్లేని అల్మరాల కోసం అంత పట్టుబట్టింది ఇందుకే. అడిగిన పుస్తకం ఒకటి లోపల్నుంచి తెచ్చి చేతికిస్తే పాఠకుడు అడిగినదే చదువుతాడు. తనే నడిచి వెళ్తే దాని పక్కది కనిపిస్తుంది, ఆ పక్కది కనిపిస్తుంది. సంబంధమున్న పుస్తకాలు దగ్గరగా, కొంచెం సంబంధమున్నవి కాస్త దూరంగా ఉండేలా వర్గీకరణ కూర్చడం అంటే, కాలికి తీగలు తగిలేలా అడవిని పెంచడమే. ఫోనులో వెతికితే అడిగినది క్షణంలో వస్తుంది. దాని పక్కన వచ్చేది మాత్రం నిన్న మనం ఏం చూశామో దాన్నిబట్టి వస్తుంది. కృష్ణమూర్తి చెప్పిన నీడ యంత్రంలోకి ఎక్కింది.

గతసారి కీ వచ్చిన మూడో రోజు, వనపర్తి వైపునుంచి వచ్చిన ఒక అబ్బాయి నా బల్లకు ఎదురుగా కూర్చున్నాడు. గోలకొండ పత్రిక మొదలైన సంవత్సరం మీద అతనికి సందేహం. 1926 అని నాకు తెలుసు, అయినా చెప్పలేదు, ఆధారం ఉండాలి కదా. సురవరం గురించిన పుస్తకాలున్న అల్మరా చూపించాను. పావుగంటలో కావలసిన పేజీ దొరికింది, ఫొటో తీసుకున్నాడు. వెళ్లిపోతాడనుకున్నాను. చేతిలో మరో పుస్తకం ఉంది, పాత బైండు, అంచులు పచ్చబడ్డాయి. ఆంధ్రుల సాంఘిక చరిత్ర. నిలబడే నాలుగు పేజీలు చదివి, కూర్చుని ఇంకో పది చదివాడు. తను చిన్నప్పుడు ఊళ్లో ఆడిన ఆట పేరు అందులో ఉందట.

"సార్, ఇది సిలబస్‌ల లేదు. కానీ చదవబుద్ధయితుంది" అన్నాడు.

"అభ్యంతరం పెట్టడానికి గడువెప్పటిదాకా బాబూ?" అని అడిగాను.

"ఇయ్యాల అయిదు గంటల దాకా సార్."

గడియారం నాలుగు దాటింది. పుస్తకంలో పెన్ను గుర్తు పెట్టి, బల్ల మీద నా ముందు ఉంచి, నెట్ సెంటర్ వైపు పరుగెత్తాడు. అయిదుంబావుకి వగరుస్తూ తిరిగొచ్చాడు. పెట్టిన అభ్యంతరం సంగతేమైందో నేను అడగలేదు, అతనూ చెప్పలేదు. కుర్చీ ముందుకు లాక్కుని పెన్ను తీసి పక్కన పెట్టాడు.